కారు తిప్పి అడుగు చూడండి: తిరుపతి, చిత్తూరు వైపు పాత డై-కాస్ట్ బొమ్మకార్ల వేట

డై-కాస్ట్ అంటే కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసినది. అలాంటి పాత బొమ్మకారు చేతికి రాగానే ఎవరైనా ముందు చూసేది రంగు, ఆ తర్వాత తలుపులు తెరుచుకుంటాయా లేదా అని. సేకరించేవాళ్లు ముందు చూడాల్సింది అడుగు భాగం. కంపెనీ పేరు, తయారైన దేశం, కారును ఎవరైనా విప్పి మళ్లీ బిగించారా అన్న సంగతి, అన్నీ అక్కడే తెలుస్తాయి. పైరంగు ఎవరైనా మార్చేయగలరు. అడుగును మార్చడం కష్టం, మార్చినా ఆనవాలు మిగులుతుంది.

మన వైపు వాళ్లకు ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. విదేశీ వేలంపాటల్లో పేరు మోసిన 1969 నాటి గులాబీ రంగు హాట్ వీల్స్ బీచ్ బాంబ్ లాంటివి మన అటకల మీద దొరకవు. వాటి వెంట పడితే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. మన దగ్గర దొరికేవి, బయటివాళ్లకు సులువుగా దొరకనివి మన దేశంలో తయారైన కార్లు. కలకత్తాలో, బొంబాయిలో పోతపోసిన ఈ కార్లను ఇంగ్లండు, అమెరికా సేకరణదారులు అడిగి మరీ కొంటారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఈ పనిలో ఆ మాటను ఉన్నదున్నట్టు పాటించవచ్చు.

మన దేశపు కార్లు ఏవి

ఇంగ్లండులో లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1934 నుంచి డింకీ టాయ్స్ పేరుతో కార్లు అమ్మేది. వాళ్లు వాడి పక్కన పెట్టిన అచ్చుల్లో కొన్ని 1960ల్లో కలకత్తా చేరాయి. అక్కడి ఎస్. కుమార్ అండ్ కంపెనీ వాటితో పోసిన కార్లను నిక్కీ టాయ్స్ పేరుతో అమ్మింది. ఇవి కొంచెం పెద్దవి, అరచేతికి నిండుగా వస్తాయి. అచ్చులు అప్పటికే అరిగినవి కాబట్టి కిటికీ అంచుల్లో, బంపర్ల కింద లోహం పల్చటి పొరలా పొడుచుకొచ్చి ఉంటుంది. రంగు మందంగా, ఒక్కోచోట కారినట్టు ఉంటుంది. కొన్నిట్లో అడుగున డింకీ అన్న పేరును అచ్చులోనే చెరిపేసిన గరుకు మచ్చ కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఇది చూసి ఎవరో గీకేశారనుకుని పక్కన పడేస్తారు. పారేయకండి, నిక్కీ కారుకు ఆ మచ్చే గుర్తు.

అగ్గిపెట్టె సైజు కార్లలో మ్యాక్స్‌వెల్ ముఖ్యమైనది. ఇదీ కలకత్తాదే, ఇంగ్లండు మ్యాచ్‌బాక్స్ కార్లను పోలి ఉంటుంది. మిల్టన్ కార్లు బ్రిటన్‌కే చెందిన కోర్గీ నమూనాలను పోలి ఉంటాయి. 1980ల చివరి నుంచి బొంబాయి వైపు బ్లో ప్లాస్ట్ వాళ్ల లియో టాయ్స్, అమెరికా కంపెనీ మ్యాటెల్‌తో కలిసి దాని హాట్ వీల్స్ కార్లను తయారు చేసింది. సేకరణదారులు వీటిని లియో మ్యాటెల్ అంటారు. మలేషియా ఫ్యాక్టరీలో ఎర్రగా వచ్చిన కారు ఇక్కడ వేరే రంగులో, వేరే ముద్రలతో వచ్చి ఉండవచ్చు. చవకగా దొరికి, తేడాలు ఎక్కువగా ఉండి, నకిలీలు తక్కువగా ఉన్న విభాగం ఇదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లియోతో మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం.

సెంటీ వాళ్ల అంబాసిడర్లు, ఆటోలు ముచ్చటగా ఉంటాయి కానీ అవి ప్లాస్టిక్కు. వెనక్కి లాగి వదిలే రకం. వాటిని సేకరించడం వేరే దారి.

ఎక్కడ వెతకాలి

పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు, సౌదీకి వెళ్లొచ్చిన కుటుంబాలు ఎన్నో. 1970లు, 80ల్లో అక్కడి నుంచి పిల్లల కోసం తెచ్చిన పెట్టెల్లో మ్యాచ్‌బాక్స్, మెజొరెట్, కోర్గీ లాంటి విదేశీ కార్లు ఉండేవి. ఆ పిల్లలకు ఇప్పుడు యాభై ఏళ్లు. ఇల్లు మారుతున్నప్పుడో పాత ఇల్లు పడగొడుతున్నప్పుడో ఆ పెట్టెలు బయటికి వస్తాయి. బంధువుల్లో, వీధిలో నలుగురికి ముందే చెప్పి ఉంచండి: ‘ఇనప బొమ్మకార్లు ఉంటే పారేయొద్దు, కడగొద్దు, నాకు ఒక్క ఫోను చెయ్యండి’ అని. ‘కడగొద్దు’ అన్న మాట తప్పకుండా చెప్పాలి. ఎందుకో కింద చెప్తాం.

పాత సామాన్ల అంగళ్లకు వెళ్లడానికి అదను డిసెంబరు ఆఖరు నుంచి భోగి దాకా. ఇళ్లు దులిపి, సున్నాలు వేసి, అటకలు ఖాళీ చేసే రోజులవి. ఉగాది ముందు ఇంకో విడత వస్తుంది. అంగడివాళ్లకు ఇది జింకు ముక్కే, కిలోల లెక్కన పోతుంది. అందుకే ఫోనులో రెండు మూడు కార్ల ఫొటోలు చూపించి, తూకానికి కాకుండా ఒక్కో కారుకు ఇంత ఇస్తామని ముందే మాట చెప్పుకోండి. ఆ మాట నిలబెట్టుకుంటే మరుసారి వాళ్లే పిలుస్తారు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డుల్లో ముప్ఫై నలభై ఏళ్లుగా నడుస్తున్న ఫ్యాన్సీ స్టోర్లను, చిత్తూరు పాత బజారులో అలాంటి అంగళ్లను అడగండి. ‘పాత కార్లున్నాయా’ అంటే లేవనే చెప్తారు. ‘అట్ట చినిగినవి, అమ్ముడుపోక గోడౌన్‌లో పడి ఉన్నవి ఏవైనా ఉన్నాయా’ అని అడిగితే మెట్ల కింది పెట్టె తీస్తారు. తిరుమల కొండ మీద, గంగమ్మ జాతరలో దొరికేవి దాదాపు అన్నీ కొత్త ప్లాస్టిక్కు సరుకు, అక్కడ సమయం పెట్టకండి.

తిరుపతివాళ్లు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగితే పక్కనే అల్లికుళం కాంప్లెక్సు. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక పాత పుస్తకాలు, పాత వస్తువుల అంగళ్లు అక్కడికి మారాయి. చిత్తూరువాళ్లకు బెంగళూరు ఆదివారం సంత అనుకూలం. హైదరాబాదు వెళ్లే పనుంటే గురువారం జుమెరాత్ బజారు కలిసొచ్చేలా చూసుకోండి.

జేబులో ఉండాల్సినవి ఇవి: 10 రెట్లు పెంచి చూపే భూతద్దం, తెల్ల కాంతి టార్చి, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు, మెత్తటి కుంచె, జిప్పు కవర్లు. పొడవు కచ్చితంగా కొలిచే వెర్నియర్ ఇంట్లో ఉంటే చాలు.

అడుగు చదవడం

కారును తలకిందులు చేసి టార్చిని దాదాపు పడుకోబెట్టి, పక్కనుంచి వెలుతురు కొట్టండి. నేరుగా పైనుంచి కొడితే అక్షరాలు కనిపించవు, పక్కనుంచి కొడితే నీడలు పడి తేలతాయి. కనిపించిన ప్రతి అక్షరాన్నీ, చుక్కనూ, అంకెనూ ఉన్నది ఉన్నట్టు రాసుకోండి.

ఎక్కువమంది పొరబడేది సంవత్సరం దగ్గర. అడుగున 1974 అని ఉంటే ఆ కారు 1974లో తయారైందని అర్థం కాదు. అది ఆ నమూనాకు హక్కు నమోదైన సంవత్సరం. అదే అచ్చుతో ఇరవై ఏళ్ల తర్వాత పోసిన కారు మీదా అదే అంకె ఉంటుంది. ‘1974 నాటిది సార్’ అని అమ్మేవాళ్లు చాలాసార్లు మోసం చేస్తున్నవాళ్లు కారు, వాళ్లకూ తెలియదు. అసలు కాలం చెప్పేవి చక్రాలు, దేశం పేరు, ముద్రణ. 2008 నుంచి వచ్చిన హాట్ వీల్స్‌లో మాత్రం అడుగున ఒక అక్షరం, రెండంకెల చిన్న ముద్ర వేరేగా ఉంటుంది. అక్షరం ఏడాదిని, అంకెలు వారాన్ని చెప్తాయి. ‘ఎల్ 12’ అంటే 2018లో పన్నెండో వారం.

మ్యాచ్‌బాక్స్‌లో ‘లెస్నీ, ఇంగ్లండ్’ అని ఉంటే మ్యాచ్‌బాక్స్ మొదలుపెట్టిన పాత కంపెనీ సరుకు. లెస్నీ 1982లో దివాలా తీసి హాంకాంగ్ కంపెనీ యూనివర్సల్ చేతికి వెళ్లింది, ఆ తర్వాత మకావ్, థాయ్‌లాండ్, చైనా పేర్లు కనిపిస్తాయి. బల్గేరియా, హంగరీ, బ్రెజిల్ పేర్లు కనబడితే ఆగి చూడండి. అచ్చులు ఆ దేశాలకు వెళ్లినప్పుడు అక్కడ దొరికిన రంగులే వేశారు, మామూలు జాబితాల్లో లేని రంగులు అందుకే వాటిలో ఎక్కువ. మన లియో, మ్యాక్స్‌వెల్ సంగతీ అంతే.

తేడా ఎలా పుడుతుంది, ఎక్కడ పడుతుంది

ఫ్యాక్టరీలో ఒక కారు ఏళ్ల తరబడి తయారవుతుంది. మధ్యలో రంగు డబ్బా అయిపోతుంది, చక్రాల అచ్చు మారుతుంది, సీట్లకు వాడే ప్లాస్టిక్కు మారుతుంది. మిగిలిన పాత భాగాలను పారేయకుండా కొత్తవాటితో కలిపి బిగిస్తారు. ఆ కలగలుపు రోజుల్లో బయటికొచ్చినవే అరుదైనవి. అందుకే ఏ కంపెనీ ఎప్పుడు ఏం మార్చిందో తెలిస్తే సగం పని అయినట్టే.

మ్యాచ్‌బాక్స్ చక్రాలనే తీసుకోండి. 1953లో 1 నుంచి 75 దాకా నంబర్లుండే వరుస మొదలైనప్పుడు చక్రాలు లోహం. 1950ల చివర్లో ప్లాస్టిక్కు వచ్చింది: బూడిద రంగు, వెండి రంగు, ఆ తర్వాత నలుపు. 1969 నుంచి సూపర్‌ఫాస్ట్ అనే వేగం చక్రాలు, మొదట సన్నవి, తర్వాత వెడల్పువి. ఒకే నమూనా ఈ మార్పుల్లో రెండు మూడిటిని దాటి ఉంటే, ఒక రకం చక్రంతో వేలకు వేలు వచ్చి ఉంటాయి, ఇంకో రకంతో కొన్ని వారాలే వచ్చి ఉంటాయి. రెండూ ఒకే రంగు, ఒకే పెట్టె. ధరలో పది రెట్ల తేడా ఉండవచ్చు. భూతద్దం పెట్టి చక్రం అంచు గాట్లను లెక్కపెట్టండి. నల్ల ప్లాస్టిక్కు చక్రాల్లో 36 గాట్లవి, 45 గాట్లవి విడివిడి రకాలుగా లెక్కలోకి వస్తాయి. ఒక గాటు దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి అక్కడి నుంచి లెక్కపెడితే తప్పు పోదు. తర్వాత ఇరుసు కొసలు చూడండి. పాతవాటిలో కొస నొక్కినట్టు చదునుగా ఉంటుంది, తర్వాతివాటిలో గుండుసూది తలలా గుండ్రంగా ఉంటుంది.

హాట్ వీల్స్‌లో 1968 నుంచి 1977 దాకా చక్రం చుట్టూ ఎర్ర గీత, ఆ తర్వాత మామూలు నల్ల చక్రం. తొలి ఏళ్లలో ఒకే కారును అమెరికాలోనూ హాంకాంగ్‌లోనూ చేశారు. అమెరికా కార్లలో ఎక్కువగా అద్దం లేత నీలం, హాంకాంగ్‌వాటిలో రంగులేని పారదర్శక అద్దం.

రంగు విషయానికొస్తే, మ్యాచ్‌బాక్స్ 46వ నంబరు మోరిస్ మైనర్ ముదురు ఆకుపచ్చలో విరివిగా ఉంటుంది, నీలంలో ఉంటే అరుదు. 30వ నంబరు ఫోర్డ్ ప్రిఫెక్ట్‌లోనూ లేత నీలమే అరుదు. కానీ రంగు తేడా అనగానే ఎగరకండి. మన ఎండలో కిటికీ పక్కన రెండు వేసవులు నిలబడిన కారు ఊదా నుంచి గోధుమకు, నారింజ నుంచి పసుపుకు మారుతుంది. ఎండ తగలని చోటు చూడండి: చక్రాల గూటి లోపలి గోడ, తలుపు తెరిస్తే కనిపించే అంచు, అడుగు పలక కలిసే గీత. అక్కడి రంగు పైరంగుకు భిన్నంగా ఉంటే అది ఎండ చేసిన పని, అరుదైన రకం కాదు. రంగులను ఎప్పుడూ పొద్దున తొమ్మిది పది గంటల వెలుతురులో, తెల్ల కాగితం మీద పోల్చండి. ట్యూబులైటు కింద రెండు ఎరుపులు ఒకటిగా, ఒకే ఎరుపు రెండుగా కనిపిస్తాయి.

ట్యాంపో, అంటే కారు మీద అచ్చువేసిన గీతలు, అంకెలు, పేర్లు. ఇవి లేని కారు కనబడగానే ‘ముద్రణ తప్పిన అరుదైన కారు’ అంటారు. టార్చిని వాలుగా పట్టి చూడండి. ముద్ర చెరిపేసిన చోట రంగు మెరుపు చుట్టుపక్కలకంటే మసకగా ఉంటుంది, లేదా గీత ఉన్నంత మేర సన్నటి ఎత్తు మిగులుతుంది. ఫ్యాక్టరీలోనే తప్పితే మెరుపు అంతటా ఒకే తీరుగా ఉంటుంది.

ఒక నియమం గట్టిగా పట్టుకోండి. ఒక్క కారులోనే కనిపించిన తేడా తప్పిదం, అంటే ఎర్రర్. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన రెండు మూడు కార్లలో అదే తేడా కనిపిస్తేనే అది వేరియేషన్, అంటే విడి రకం. తిరగేసి బిగించిన చక్రం, ఒకవైపు పడని ముద్ర తప్పిదాల కిందికి వస్తాయి. వాటికీ గిరాకీ ఉంది, కానీ లెక్క వేరు.

కొత్త హాట్ వీల్స్ కొనేవాళ్లు ట్రెజర్ హంట్ గురించి, అంటే మామూలు కార్ల మధ్య తక్కువగా కలిపి పంపే ప్రత్యేక కార్ల గురించి, అడుగుతుంటారు. 1995లో మొదలైంది. ఈ మధ్యవాటిలో మామూలు రకానికి కారు మీద వలయంలో మంట గుర్తు ఉంటుంది. సూపర్ రకానికి ‘టీహెచ్’ అక్షరాలు, రబ్బరు టైర్లు, లోతైన మెరుపు రంగు, అట్ట మీద కారు వెనకాల బంగారు రంగు మంట గుర్తు ఉంటాయి. దీనికి ఇంతకంటే చెప్పడానికి లేదు. షాపు తెరిచే వేళకు వెళ్లడమే ఉపాయం.

నకిలీ పట్టుకోవడం

పైన పటారం, లోన లొటారం అన్నట్టు తయారు చేసిన కార్లు ఆన్‌లైన్‌లో నానాటికీ పెరుగుతున్నాయి. వాటిని పట్టిచ్చేది రివెట్టు.

ఫ్యాక్టరీలో కారు పైభాగం లోపల దిగువకు ఒక చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. దాన్ని అడుగు పలకలోని రంధ్రంలోంచి దూర్చి, కొసను యంత్రంతో నొక్కి పరుస్తారు. అసలు రివెట్టు పుట్టగొడుగు తలలా నున్నగా, అంచుల దగ్గర సన్నటి పగుళ్లతో ఉంటుంది. మురికి కూడా చుట్టూ సమానంగా పేరుకుని ఉంటుంది. విప్పిన కారులో ఆ తలను డ్రిల్లుతో తీసేయాల్సిందే. భూతద్దంలో చూస్తే మధ్యలో గరాటులా గుంట, దాని గోడల మీద గుండ్రటి గీతలు, మళ్లీ అంటించిన జిగురు మెరుపు, లేదంటే మరమేకు తల కనిపిస్తాయి. రివెట్టు మీద రంగు పడి ఉంటే బిగించాక రంగు వేశారన్నమాట. ఫ్యాక్టరీలో రంగు ముందు, బిగింపు తర్వాత.

మ్యాచ్‌బాక్స్ 13వ నంబరు డాడ్జ్ రెక్ ట్రక్కు దీనికి మంచి ఉదాహరణ. మామూలుది పసుపు క్యాబిను, ఆకుపచ్చ వెనక భాగం. రంగులు తారుమారైన రకం, అంటే ఆకుపచ్చ క్యాబిను, పసుపు వెనక భాగం, చాలా అరుదు, ధర ఎక్కడో ఉంటుంది. రంగు వేసి అలాంటిదాన్ని తయారు చేయడం కష్టమేమీ కాదు. రివెట్టు ఫొటో దగ్గరగా తీసి పంపమని అడగండి. పంపనంటే ఆ బేరం వదిలేయండి.

రంగు మళ్లీ వేసిన కారులో తలుపు గీతలు, బానెట్టు మీది చిన్న అక్షరాలు పూడుకుపోయి ఉంటాయి. ఇరుసు కొసల మీద, అద్దం అంచుల మీద రంగు చుక్కలు ఉంటాయి. దెబ్బ తగిలినచోట రంగు కింద ఇంకో రంగు తొంగిచూస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

పెట్టెలకు అతినీలలోహిత టార్చి పనికొస్తుంది. ఈ కాలపు తెల్ల కాగితంలో మెరుపు రసాయనాలు ఉంటాయి కాబట్టి చీకట్లో నీలం తెలుపుగా వెలుగుతుంది. 1950ల నాటి అసలు అట్ట చాలావరకు మసకగానే ఉండిపోతుంది. భూతద్దంలో ముద్రణ ఇంక్‌జెట్ చుక్కలుగా కనిపిస్తే కొత్తగా అచ్చువేసిన పెట్టే. అట్ట మీది ప్లాస్టిక్కు బుడగను విప్పి మళ్లీ అంటించి ఉంటే అంచు చుట్టూ కాగితం పొర లేచి ఉంటుంది, జిగురు ఆ గీత దాటి మెరుస్తుంది.

కడగడం

పాత కారు దొరికితే ఇంట్లో పెద్దవాళ్లు మంచి మనసుతోనే చింతపండు పెట్టి తోముతారు, ఇత్తడి సామాన్లు తోమినట్టు. బొమ్మకారుకు ఇదే చావుదెబ్బ. డై-కాస్ట్ కారు లోహం జింకు మిశ్రమం, సుమారు 4 శాతం అల్యూమినియం కలిపినది. పులుపు ఇత్తడి మీది మురికినే కరిగిస్తుంది కానీ జింకును ఏకంగా తినేస్తుంది. లోహం నల్లబడి గరుకు తేలుతుంది, దాన్ని వెనక్కి తేలేం. నిమ్మకాయ, వెనిగరు, బాత్‌రూమ్ యాసిడ్ కూడా అంతే. థిన్నరు, అసిటోన్ రంగునూ ముద్రణనూ ఎత్తేస్తాయి.

ముందు పొడి కుంచెతో దుమ్ము దులపండి. ఇసుక రేణువులుంటే తుడిస్తే గీతలు పడతాయి కాబట్టి తుడవకముందే దులపాలి. తర్వాత అర లీటరు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు. మెత్తటి పళ్లకుంచెను ముంచి, విదిలించి, మెల్లగా రుద్దండి. కారును నానబెట్టకండి. నీళ్లు రివెట్టు చుట్టూ లోపలికి వెళ్లి ఇరుసులను తుప్పు పట్టిస్తాయి. కాగితం స్టిక్కర్లున్న చోట, వెండి పూత ఉన్న ప్లాస్టిక్కు మీద తడి దూది పుల్ల మాత్రమే. చివర మంచినీళ్లతో తుడిచి, బట్టతో అద్ది, హెయిర్ డ్రయర్ చల్లగాలిలో పది నిమిషాలు. చక్రం బిగుసుకుంటే సూది కొసతో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క ఇరుసుకు, రబ్బరు టైరుకు తగలకుండా.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. పని అయ్యాక చేతులు కడుక్కోండి, ఈ కార్లను చిన్నపిల్లల నోటికి అందనివ్వకండి.

దాచడం

మన దగ్గర రెండు శత్రువులు: ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ. రెంటికీ విరుగుడు మూత గట్టిగా పడే ప్లాస్టిక్కు డబ్బా, మధ్య అంతస్తు, బయటి గోడకు ఆనించని చోటు. అటక వేడి, కింది గది చెమ్మ. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో చాలా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి కాబట్టి నేలమీద ఏ డబ్బా పెట్టకండి.

పది లీటర్ల డబ్బాకు 25 గ్రాముల సిలికా జెల్ రెండు పొట్లాలు, లోపల చిన్న తేమ మీటరు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాగుంది. రంగు మారిన జెల్‌ను 110-120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, దానికి వంట ఓవెన్, వంటపాత్ర వాడొద్దు.

బీరువాలో అలవాటుగా వేసే నాఫ్తలీన్ గోళీలు, కర్పూరం కార్ల దగ్గరికి రానివ్వకండి. వాటి ఆవిరి కిటికీ అద్దాలకు వాడే పాలిస్టైరిన్‌ను మెత్తబరుస్తుంది, అద్దం మసకబారి జిగటవుతుంది. కాగితప్పురుగుల భయముంటే పెట్టెలను విడి కవర్లలో వేసి, బీరువాను శుభ్రంగా ఉంచడమే మార్గం. కొత్త చెక్క అల్మారా కూడా మంచిది కాదు, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి లోహానికి తెల్ల బూజు పట్టిస్తుంది.

మెత్తటి నల్ల ప్లాస్టిక్కు టైర్లు ఇంకో చిక్కు. టైరును మెత్తగా ఉంచే రసాయనం ఏళ్ల మీద బయటికి ఊరి, ఆనుకున్న గట్టి ప్లాస్టిక్కు చక్రాన్నో పెట్టె పలకనో కరిగిస్తుంది. 1970ల డింకీ, కోర్గీల్లో ఇది ఎక్కువ. కారును టైర్ల మీద నిలబెట్టకుండా, అడుగు కింద చిన్న దిమ్మె పెట్టి చక్రాలు గాల్లో ఉండేలా ఉంచండి.

జింకు చీడ గురించి తెలియకుండా రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డింకీ కొనకండి. పోత పోసేటప్పుడు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే లోహం లోలోపల రేణువుల మధ్య తినుకుంటూ పోతుంది. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. ముందు రంగు మీద చీలికల్లాంటి గీతలు, తర్వాత కారు ఉబ్బడం, వంగడం, ఆఖరికి పొడి పొడి. దీనికి మందు లేదు, జిగురు పెట్టినా ఆగదు. పక్క కారుకు అంటుకునే రోగం మాత్రం కాదు. గీతలు కనిపించిన కారును విడిగా పెట్టి, కొలిచి, ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి. పొడవు పెరిగితే చీడ ఉన్నట్టే.

లెక్క, ధర, పార్శిల్

ప్రతి కారుకు ఒక వరుస రాసుకోండి: నమూనా పేరు, అడుగు రాత యథాతథంగా, దేశం, పైరంగు, సీట్ల రంగు, అద్దం, చక్రం, ఇరుసు కొస, ముద్రణ, బరువు, ఎక్కడ దొరికింది, ఎంతకు. బరువు తప్పక రాయండి. అడుగు పలక లోహం నుంచి ప్లాస్టిక్కుకు మారిన కారు పైకి ఒకేలా ఉన్నా త్రాసులో కొన్ని గ్రాములు తగ్గుతుంది, ఫొటోలో అది తెలియదు. ఆరు వైపులా ఫొటోలు, పక్కన స్కేలు.

మొదటి ఏడాది ఒకే నమూనాను పట్టుకోండి. నూరు రకాల కార్లు ఒక్కొక్కటి ఉన్నవాళ్లకంటే, ఒకే లియో కారు పదిహేను ఉన్నవాళ్లకు పదహారోది చూడగానే తేడా తెలుస్తుంది.

ధర కోసం అమ్మేవాళ్లు పెట్టిన అంకె చూడకండి, అమ్ముడుపోయిన ధర చూడండి. వేలం సైట్లలో పూర్తయిన అమ్మకాలను విడిగా చూసే ఏర్పాటు ఉంటుంది. దూరంనుంచి కొనేటప్పుడు యూపీఐ పంపకముందే వీడియో కాల్‌లో కారును తిప్పించి అడుగు, రెండు రివెట్లు, నాలుగు ఇరుసు కొసలు చూడండి. విదేశాల నుంచి తెప్పించేటప్పుడు కస్టమ్స్ సుంకం కలుపుకోండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కావడంతో పార్శిళ్లు ఆగే అవకాశం ఉంది, పంపేవాళ్లను అడిగి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

మీరు పంపేటప్పుడు కారును ముందు ఆమ్లం లేని టిష్యూ కాగితంలో, ఆ తర్వాత బబుల్ కవరులో చుట్టండి. బబుల్ కవరు నేరుగా రంగుకు తగిలితే వేసవిలో కొరియరు బండి వేడికి బుడగల గుర్తులు రంగు మీద అచ్చుపడతాయి. చక్రాల కింద మడిచిన కాగితం పెట్టి కదలకుండా చేయండి. పెట్టెను చెవి దగ్గర ఊపి చూడండి, చప్పుడు వస్తే విప్పి మళ్లీ సర్దండి.